కోట ఎవరిది? ఏరు ఎవరిది?

“ఇంత బంగారం ఎవరి సొమ్మమ్మా?”

మెల్క్ మఠం చర్చిలోకి అడుగుపెట్టి, తలెత్తి ఒకసారి చుట్టూ చూసి ఇంజినీరు మామయ్య అడిగిన మొదటి ప్రశ్న అది. సొంతూరు మాచర్ల. నీటిపారుదల శాఖలో, అందులోనూ ఎక్కువ కాలం సాగర్ కుడి కాలువ మీద పనిచేసి రిటైరయ్యారు. ఆయన తండ్రి నాగార్జునసాగర్ ఆనకట్ట మీద తాపీ మేస్త్రీ. మేనకోడలు వియన్నాలో పాత కట్టడాల పరిరక్షణ చదువుతోంది. చూడ్డానికి వచ్చిన మామయ్యను శని, ఆదివారాలు రెండు రోజులూ డాన్యూబ్ వెంట తిప్పాలని బయల్దేరదీసింది. ఇద్దరికీ మాట పడదని ఇంట్లో అందరికీ తెలిసిందే. ఆ రెండు రోజులూ అదే జరిగింది.

వాళ్లు తిరిగిన చోటు పేరు వాఖావ్. ఆస్ట్రియాలో మెల్క్ నుంచి క్రెమ్స్ దాకా డాన్యూబ్ కొండల నడుమ ఇరుకుగా పారే ముప్పై అయిదు, ముప్పై ఆరు కిలోమీటర్ల లోయ. ఇటు చివర ఒక మఠం, అటు చివర కొండ మీద మరో మఠం. మధ్యలో కూలిన కోటలు, ద్రాక్ష తోటలు, ఆప్రికాట్ చెట్లు, నది అంచున చిన్న చిన్న ఊళ్లు. 2000లో యునెస్కో ఈ లోయ మొత్తాన్నీ ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. జాబితాకెక్కింది ఏదో ఒక కోటో చర్చో కాదు, ఏరూ గట్టూ తోటలూ ఊళ్లూ కలిసిన లోయ. ఈ సంగతి గుర్తుంచుకుంటే మామా మేనకోడళ్ల తగువు ఎక్కడ ముడిపడిందో తేలిగ్గా అర్థమవుతుంది.

“మఠం భూముల కౌలు, రైతుల పంటలో పదో వంతు. మీరు అడిగేది అదేగా మామయ్యా? కాదనను,” అంది మేనకోడలు. “కానీ కథంతా అదే కాదు. 1089లో రెండో లియోపోల్డ్ అనే పాలకుడు కొండ మీది తన కోటను బెనెడిక్టిన్ సన్యాసులకు ఇచ్చేశాడు. అప్పట్నుంచీ వాళ్లు ఇక్కడే ఉన్నారు. మనం చూస్తున్న ఈ కట్టడం 1702లో మొదలుపెట్టింది. మఠాధిపతి డీట్‌మాయర్ కట్టించాడు, ప్రాండ్‌టావర్ అనే వాస్తుశిల్పి గీశాడు. 1736లో పూర్తయ్యేనాటికి గీసినవాడు లేడు.”

“గీసినవాడి పేరుంది, కట్టించినవాడి పేరుంది. మోసినవాడి పేరేదీ?” అన్నారాయన.

ఆ ప్రశ్న ఆయనకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. సాగర్ ఆనకట్ట రాతి కట్టడం. యంత్రాలు తక్కువ, మనుషులు ఎక్కువ. రాయి మోసినవాళ్ల పేర్లు అక్కడ కూడా ఎవరికీ తెలియవు. మేస్త్రీ కొడుకు ఆ మాట అడగాల్సిందే.

మేనకోడలు దానికి నేరుగా జవాబు చెప్పకుండా గ్రంథాలయంలోకి తీసుకెళ్లింది. దాదాపు లక్ష పుస్తకాలు, అందులో రాతప్రతులే పద్దెనిమిది వందలకు పైన. పద్దెనిమిదో శతాబ్దం చివర్లో రెండో జోసెఫ్ చక్రవర్తి ‘ప్రజలకు పనికొచ్చే పని చేయని మఠాలు మూసెయ్యండి’ అని ఆజ్ఞ ఇచ్చాడు. ధ్యానం తప్ప వేరే పని లేని మఠాలు వందల సంఖ్యలో మూతపడ్డాయి. ఇదే లోయలో ఆగ్స్‌బాహ్‌లోని కార్తూసియన్ మఠం 1782లో పోయింది, డ్యూర్న్‌స్టైన్ మఠం 1788లో పోయింది. మెల్క్ మాత్రం నిలబడింది. పన్నెండో శతాబ్దం నుంచీ ఇక్కడ బడి నడుస్తుండడమూ, ఈ గ్రంథాలయమూ దాన్ని కాపాడాయి. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది. తొమ్మిది వందల దాకా పిల్లలు చదువుతారు.

“ఇది చెప్పవేం ముందే? బడి నడిపారంటే ఆ పదో వంతులో కొంత తిరిగి ఊరికే వచ్చిందన్నమాట,” అని కాస్త మెత్తబడ్డారు ఇంజినీరు గారు.

ఆయన్ను పూర్తిగా ఆకట్టుకుంది మాత్రం పాలరాతి హాలు. పేరుకు పాలరాయే గాని, అసలు పాలరాయి ద్వారబంధాల వరకే. గోడలది సున్నపు పూతతో చేసిన పనితనం. పైకప్పు దాదాపు చదునుగానే ఉంటుంది. హాలు నడిమధ్య నిలబడి చూస్తే మాత్రం చిత్రించిన స్తంభాలు నిటారుగా లేచి కప్పును ఎక్కడికో మోసుకుపోతున్నట్టుంటుంది. దేవతా మూర్తులను పాల్ ట్రోగర్ వేస్తే, ఈ కంటికి కట్టే కట్టడాన్ని గేటానో ఫాంటీ అనే ఇటలీ చిత్రకారుడు వేశాడు. ఇంజినీరు గారు మధ్యలోంచి గోడ వారకు నడిచారు. స్తంభాలు ఒరిగిపోయాయి. మళ్లీ మధ్యకు వచ్చారు. నిలబడ్డాయి. “ఎక్కడ నిలబడి చూడాలో లెక్కగట్టి గీశారమ్మా,” అన్నారు. ఆ తర్వాత ఆయన చాలాసేపు బంగారం మాట ఎత్తలేదు.

మెల్క్‌లో చూడాల్సింది ఇంకొకటి ఉంది. చాలామంది మఠం చూసి నేరుగా పడవ ఎక్కేస్తారు. మేనకోడలు అలా ఎక్కనివ్వలేదు. అదే ఊళ్లో, సైనిక బారకాసుల పక్కన ఒక చిన్న కట్టడం దగ్గరకు తీసుకెళ్లింది. 1944 ఏప్రిల్ నుంచి ఏడాది పాటు ఆ బారకాసుల్లో మౌట్‌హౌసెన్‌కు అనుబంధంగా నాజీల నిర్బంధ శిబిరం నడిచింది. దాదాపు 14,400 మందిని తెచ్చి దగ్గర్లోని కొండ కింద సొరంగాలు తవ్వించారు, ఆయుధ పరిశ్రమను నేల కిందికి మార్చడానికి. వాళ్లలో అయిదు వేల మంది దాకా చచ్చిపోయారు. శవాలను కాల్చిన కొలిమి ఉన్న కట్టడమే ఇప్పుడు స్మారకం.

“కొండ మీద నుంచి ఇది కనిపించేదా?” అని అడిగారు మామయ్య.

“ఊరంతటికీ కనిపించేది. పొగ గొట్టం ఊళ్లోనే కదా.”

“మరి పైన అంత అందం ఉండి ఏం లాభం?”

“అందం దీన్ని ఆపలేదు మామయ్యా. నేనూ ఆ మాట అనడం లేదు. కానీ కోటనూ మఠాన్నీ కాపాడినట్టే దీన్నీ కాపాడారు. ఇది కూల్చేసి అది ఒక్కటే ఉంచితే చరిత్ర కాదు, కట్టుకథ అవుతుంది.”

ఈ మాటలో మేనకోడలిదే న్యాయం. వాఖావ్ చూసి వచ్చి రాసే యాత్రా కథనాల్లో ఈ స్మారకం ప్రస్తావన అరుదు. మెల్క్ వెళ్లేవాళ్లు అక్కడికి కూడా వెళ్లి తీరాలి.

మధ్యాహ్నం పడవలో బయల్దేరాక కుడి గట్టున మూడు వందల మీటర్ల ఎత్తున ఆగ్‌స్టైన్ కోట కనిపించింది. ఇక్కడ వాదం తలకిందులైంది. కోటలంటే దోపిడీ గూళ్లని పొద్దుట్నుంచీ అంటున్న మామయ్య సుంకం వసూలు చేసినవాడి పక్షం తీసుకున్నారు. కాపాడాలనే మేనకోడలు వాణ్ని దొంగ అంది.

సంగతేమిటంటే, కూలిపోయి ఉన్న ఈ కోటను 1429 నుంచి యోర్గ్ షెక్ అనేవాడు మళ్లీ కట్టాడు. ఎదురు ప్రవాహంలో వచ్చే పడవల మీద సుంకం వసూలు చేసుకునే హక్కు డ్యూక్ దగ్గర సంపాదించాడు. అప్పట్లో పడవలను ఎదురు వడిలో గుర్రాలు గట్టు మీద నుంచి మోకులు కట్టి లాగేవి. ఆ గుర్రాల దారిని బాగుచేసి ఉంచడం షెక్ బాధ్యత.

“ఇందులో తప్పేముంది? దారి వేశాడు, డబ్బు తీసుకున్నాడు. మన హైవే మీద టోల్ కట్టట్లేదా?” అన్నారు మామయ్య. “గట్టు మరమ్మతు అంటే నీకు తెలియదు. ఒక్క వరద వచ్చిందంటే ఏడాది పని కొట్టుకుపోతుంది.”

“మీ టోల్ గేటు వాడు కట్టనివాణ్ని కొండ అంచు మీదికి నెడతాడా? బందీలను ఆ కొండ కొమ్ము మీద ఒక ఇరుకు మెట్టు మీదికి తోసి తలుపు వేసేవాడట. ఆకలితో చావాలి, లేకపోతే దూకాలి. దానికి గులాబీ తోట అని పేరు.”

“జరిగిందా, చెప్పుకుంటారా?”

“చెప్పుకుంటారు,” అని ఒప్పుకుంది మేనకోడలు. “ఈ కోట అంతకుముందు క్యూన్‌రింగ్ వంశం వాళ్లది. వాళ్లు నదికి అడ్డంగా గొలుసు కట్టి పడవలు ఆపి దోచుకునేవాళ్లని కూడా చెప్పుకుంటారు. కాగితం మీద ఉన్నది సుంకం, జనం నోట ఉన్నది దోపిడీ.”

“కాగితం రాసింది సుంకం తీసుకున్నవాడు. కథ చెప్పింది సుంకం కట్టినవాడు. రెండూ నమ్మాల్సిందే,” అన్నారాయన.

సాయంత్రం స్పిట్జ్ రేవులో దిగారు. అసలు తగువు అక్కడ మొదలైంది. మెల్క్‌కు కాస్త ఎగువన, పడవ ఎక్కకముందే, ఇంజినీరు గారు ఒక జలవిద్యుత్ కేంద్రాన్ని గమనించారు. 1982 నుంచి నడుస్తోంది. ఆస్ట్రియాలో డాన్యూబ్ పొడవునా ఇలాంటివి మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఇబ్స్-పెర్సెన్‌బాయిగ్‌ది 1959లో పూర్తయింది, క్రెమ్స్‌కు దిగువన ఆల్టెన్‌వోర్త్‌ది 1976లో. మధ్యలో ఈ లోయలో మాత్రం ఒక్కటీ లేదు.

“పైన కట్టారు, కింద కట్టారు, ఇక్కడ ఎందుకు వదిలేశారు?”

“వదిలెయ్యలేదు, వదిలించారు. డెబ్బైల్లో ఈ లోయ మధ్యలో రూర్స్‌డోర్ఫ్ దగ్గర కేంద్రం కట్టాలని ప్లాను వేశారు. 1972లో ఊళ్లవాళ్లు సంఘం పెట్టుకుని ఎదురుతిరిగారు. ఏళ్ల తరబడి పోరాడితే చివరికి ఎనభైల్లో ఆ ప్లాను అటకెక్కింది. తర్వాత అదే రూర్స్‌డోర్ఫ్ దగ్గర, మూసుకుపోయిన నది పాయను తవ్వి మళ్లీ పారించారు.”

“సీనరీ కోసం కరెంటు వదులుకున్నారు. కడుపు నిండినవాళ్ల పని!”

“కృష్ణలో మునిగిపోయిన విజయపురిని తలుచుకుని కూడా ఇదే మాట అంటారా?”

ఇంజినీరు గారికి కోపం వచ్చింది. రావడంలో అన్యాయమూ లేదు. పల్నాట జొన్న కూడా సరిగా పండని కాలం ఆయన తండ్రికి తెలుసు. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలారు. రెండు కాలువల కిందా కలిపి ఇరవై లక్షల ఎకరాలకు పైగా తడి అందింది. “ఆ నీళ్లు రాకపోతే నువ్వు వియన్నాలో చదువుకునేదానివి కాదు, నేను ఇంజినీరయ్యేవాణ్ని కాదు,” అన్నారు. “మునిగిన రాళ్లను ఊరికే ముంచలేదు. 1954 నుంచి 1960 దాకా పురావస్తు శాఖ సుబ్రహ్మణ్యం గారి బృందం లోయంతా తవ్వింది. తీసి నాగార్జునకొండ మీద పెట్టారు.”

“అన్నీ పెట్టారా మామయ్యా? ఇక్ష్వాకుల రాజధాని అది. ముప్పైకి పైగా బౌద్ధ కట్టడాలు, గుళ్లు, నది ఒడ్డున రాతి మెట్ల ఘాటు, కోట గోడ, ఆటపాటలకు రాతి మెట్ల రంగస్థలం. చాంతిసిరి అనే రాజకుటుంబపు ఆడమనిషి మహాచైత్యానికి దానం ఇచ్చింది. సింహళం నుంచి వచ్చే భిక్షువులకు ఒక విహారం ఉండేది. మూడో శతాబ్దంలో కృష్ణ గట్టున పరదేశీ విద్యార్థుల కోసం హాస్టల్ ఉన్నట్టే కదా! కొండ మీదికి, అనుపు దగ్గరికి చేరినవి కొన్ని. మిగతా లోయ నీళ్ల కింద ఉంది.”

“తెలుసు. నాకంటే నీకెక్కువ తెలుసా ఏమిటి?” అన్నారు కాని, గొంతులో మునుపటి ఊపు లేదు.

ఆదివారం పొద్దున స్పిట్జ్ నుంచి అవతలి గట్టున ఆర్న్స్‌డోర్ఫ్‌కు బల్లకట్టు ఎక్కారు. దాన్ని దగ్గరగా చూడాల్సిందే. రెండు గట్ల మధ్య ఎత్తున ఒక ఉక్కు తాడు కట్టి ఉంది. దాని మీద కప్పీ, కప్పీ నుంచి కిందికి దిగిన తాడు చివర బల్లకట్టు. కార్లు, సైకిళ్లు, మనుషులు ఎక్కారు. నడిపేవాడు చుక్కాని తిప్పి పడవను ప్రవాహానికి ఏటవాలుగా పెట్టాడు. ఇంజిను చప్పుడు లేదు, తెడ్డు లేదు. నీటి వడి పడవ పక్కను నెడుతుంటే, తాడు దాన్ని కిందికి పోనివ్వకుండా పట్టి ఉంచుతుంటే, బల్లకట్టు అడ్డంగా జారి అవతలి రేవుకు చేరింది. తిరుగు ప్రయాణంలో ఏటవాలు రెండో వైపుకు మారుతుంది. అంతే.

ఇంజినీరు గారు అవతల దిగకుండా అదే బల్లకట్టులో వెనక్కి వచ్చి, మళ్లీ వెళ్లారు. తాడు ఎంత లాగుతుందో, పడవను ఎన్ని డిగ్రీలు తిప్పుతున్నాడో వేళ్ల మీద లెక్కేసుకున్నారు. “కృష్ణ మీద ఎన్ని బల్లకట్లు ఎక్కానో! గడతో తోసేవాళ్లు, తర్వాత మోటారు పెట్టారు. ఇలా నీళ్ల చేతే దాటించడం చూడలేదమ్మా.”

“రూర్స్‌డోర్ఫ్‌లో కట్టి ఉంటే ఇది నడిచేదా?”

ఆయన నీళ్ల కేసి చూసి ఇంజినీరుగా జవాబు చెప్పారు. “నడవదు. వెనక్కి నీళ్లు నిలిస్తే వడి చస్తుంది. వడి లేకపోతే ఇది కదలదు.” ఆ వెంటనే, “అయినా నా మాట మారదు. బల్లకట్టు కోసం కరెంటు వదులుకోవచ్చు. పంట వదులుకోలేం. వీళ్లకు ఎంచుకునే వీలుంది, మనకు అప్పుడు లేదు,” అన్నారు.

ఈ మాటను తేలిగ్గా తీసెయ్యలేం. వాఖావ్‌లో ఆగింది కరెంటు ప్రాజెక్టు. అది లేకపోతే వేరేచోట నుంచి కరెంటు తెచ్చుకోవచ్చు. పల్నాడుకు వేరే కృష్ణ లేదు. రెంటినీ ఒకే తక్కెడలో వేసి వాళ్లు తెలివైనవాళ్లు, మనం మూఢులం అనడం అన్యాయం. ఆ ఒక్క చోట మేనకోడలి వాదం తూలింది.

తర్వాత కాసేపు తగువు లేదు. కొండ వాలు మీద ద్రాక్ష తోటల మధ్య రాతి గట్లు చూపించింది మేనకోడలు. సున్నం, సిమెంటు లేకుండా రాయి మీద రాయి పేర్చిన గోడలవి. “మేం రిటైనింగ్ గోడ కడితే నీళ్లు కారడానికి గొట్టాలు పెడతాం. ఇక్కడ గోడంతా సందులే. వాన నీళ్లు ఆగవు, గోడ ఉబ్బదు,” అని ఆయనే ఆమెకు పాఠం చెప్పారు. వైసెన్‌కిర్హెన్ ఊళ్లో నది వైపు బాట పక్కన వరసగా ఉక్కు పునాదులు కనిపించాయి. వరద హెచ్చరిక రాగానే వాటిలో స్తంభాలు బిగించి, మధ్యలో అల్యూమినియం పలకలు ఒకదాని మీద ఒకటి దించి గోడ లేపుతారు. వరద తగ్గాక విప్పేస్తారు. 2002 వరద ఈ లోయను ముంచెత్తింది. శాశ్వతంగా ఎత్తు గోడ కట్టేస్తే ఊరికి నది కనపడదు. కట్టకపోతే ఊరు మునుగుతుంది. మధ్యేమార్గం ఇది.

“ఇదుగో, ఇది ఇంజినీరు చేసిన పరిరక్షణ,” అన్నారు మామయ్య.

డ్యూర్న్‌స్టైన్‌లో నీలం, తెలుపు రంగుల మఠం గోపురం పక్కనుంచి కోటకు కొండ దారి. ఎక్కడానికి అరగంట. పైన ఉన్నవి మొండి గోడలే. 1645లో స్వీడన్ సైన్యం పట్టుకుని, పోతూ పోతూ పేల్చేసిన కోట ఇది. దాని పేరు ప్రపంచమంతా తెలియడానికి కారణం ఒక ఖైదీ. ఇంగ్లండ్ రాజు సింహహృదయ రిచర్డ్ 1191లో ఏకర్ కోట పట్టుకున్నప్పుడు, ఆస్ట్రియా డ్యూక్ అయిదో లియోపోల్డ్ జెండాను గోడ మీది నుంచి పీకించాడంటారు. మరుసటి ఏడు చివర్లో మారువేషంలో ఆస్ట్రియా మీదుగా ఇంటికి పోతూ వియన్నా దగ్గర దొరికిపోయాడు. లియోపోల్డ్ అతన్ని ఈ కోటలో పెట్టి, తర్వాత చక్రవర్తి ఆరో హెన్రీకి అప్పగించాడు. అడిగిన విడుదల సొమ్ము లక్షా యాభై వేల మార్కుల వెండి. అందులో లక్ష మార్కులు, అంటే ఇరవై మూడు టన్నుల వెండి ముట్టాక 1194 ఫిబ్రవరిలో వదిలారు. ఆ సొమ్ము కోసం ఇంగ్లండ్‌లో జనం రాబడిలో నాలుగో వంతు గుంజారు. చర్చిల వెండి పాత్రలు, సన్యాసుల గొర్రెల ఉన్ని కూడా పోయాయి.

“ఆ వెండితో లియోపోల్డ్ ఏం చేశాడో చెప్పనా? వీనర్ నోయిస్టాట్ అనే ఊరు కట్టించాడు, వియన్నా చుట్టూ కోట గోడ పెంచాడు,” అంది మేనకోడలు.

“అంటే మీ వియన్నా గోడ ఇంగ్లండ్ జనం సొమ్ముతో కట్టారన్నమాట! నిన్న పొద్దుట నేను అడిగిందీ ఇదే కదా?”

“అదే. అందుకే ఈ కోట ఇలా మొండిగా ఉండడం నాకిష్టం. తిరిగి కడితే రిచర్డ్ బొమ్మ, పాటగాడు బ్లాండెల్ అతన్ని వెతుక్కుంటూ వచ్చిన కట్టుకథ, టికెట్టు మిగులుతాయి. ఇలా ఉంటే ఎవరు కట్టారు, ఎవరు కూల్చారు అని జనం అడుగుతారు.”

“గోడ కూలి ఎవరి మీదైనా పడితే? మొండిగా ఉంచు, కాని గట్టిగా ఉంచు.”

“ఆ పనే చదువుకుంటున్నా మామయ్యా.”

క్రెమ్స్ స్టేషన్ చేరేదాకా ఇద్దరూ సాగర్ గురించే మాట్లాడుకున్నారు. ఆనకట్ట కట్టి ఉండకూడదని ఆమె అనలేదు. లోయ పోలేదని ఆయనా అనలేదు. ఒక సంగతి మాత్రం ఆయనే ఎత్తారు: గేట్లు తెరిచినప్పుడల్లా సాగర్‌కు వేలాది మంది వస్తారు, నురగ చూసి ఫొటోలు దిగి పోతారు, కొండకు వెళ్లేవాళ్లు కొద్దిమంది. తన సర్వీసులో ఎక్కువ కాలం అక్కడే గడిచినా పిల్లలను కొండకు తీసుకెళ్లమని తోటి ఉద్యోగుల్లో ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదన్నారు.

కాబట్టి పాఠకులకు ఒక మనవి. డాన్యూబ్ దాకా వెళ్లగలిగినవాళ్లు వాఖావ్‌కు రెండు రోజులు కేటాయించండి, పడవలు వేసవి నెలల్లోనే బాగా తిరుగుతాయి. వెళ్లలేనివాళ్లు ఈసారి సాగర్ గేట్లు చూడబోయినప్పుడు ఇంకో పూట ఎక్కువ ఉండండి. విజయపురి సౌత్ రేవులో లాంచీ ఎక్కి నాగార్జునకొండ మ్యూజియం చూడండి. తిరిగొచ్చి అనుపులో తిరిగి పేర్చిన రంగస్థలం రాతి మెట్ల మీద పిల్లలను కూర్చోబెట్టి, ఆ మెట్లు మొదట ఎక్కడుండేవో చెప్పండి. లాంచీ ఆ రోజు నడుస్తుందో లేదో బయల్దేరే ముందే కనుక్కోండి.